ముందు వెచ్చదనం, తర్వాత కర్బనం

ఇంగ్లండ్‌లోని స్థానిక కౌన్సిళ్లు కొన్నేళ్లుగా రెండు బాధ్యతలను పక్కపక్కనే మోస్తున్నాయి. కరెంటు, గ్యాసు బిల్లులు కట్టలేక, సరుకులు కొనలేక అల్లాడే కుటుంబాలకు అత్యవసర సాయం అందించడం ఒకటి. తమ ఊరి కర్బన ఉద్గారాలను తగ్గించడం రెండోది. మొదటిది సంక్షేమ విభాగం పని, రెండోది పర్యావరణ విభాగం పని. అధికారులు వేరు, నిధులు వేరు, పైకి పంపే నివేదికలు వేరు. అయితే ఈ రెండు పనులూ చివరికి చేరేది ఒకే గడపకు. వేడి నిలవని గోడలు, గాలి దూరే కిటికీలు, పాత బాయిలర్ ఉన్న ఇంట్లో కాస్తంత వెచ్చదనానికే ఎక్కువ గ్యాసు కాల్చాలి. అలాంటి ఇంట్లో తక్కువ ఆదాయంతో నెట్టుకొచ్చే కుటుంబమే బిల్లు దగ్గర అందరికంటే ముందు చతికిలబడుతుంది. కాబట్టి రెండు పనులనూ కలపాలన్న మాట ఎవరికీ కొత్త కాదు. ఏ లెక్కన కలపాలి, దేన్ని ముందు పెట్టాలి అన్నదే ఇంకా తేలలేదు. పేద ఇళ్ల బాగుచేతను మొదట సంక్షేమంగా లెక్కగట్టి, ఆ లెక్క మీదే డబ్బు పెట్టి, కర్బన లాభాన్ని రెండో మెట్టుగా చూస్తేనే రెండూ నెరవేరతాయన్నది ఈ వ్యాసం వాదన. గత పాతికేళ్ల అనుభవంలో దీనికి ఆధారాలు ఉన్నాయి, దీన్ని నిలదీసే ఆధారాలూ ఉన్నాయి.

సంక్షేమం వైపు కథ 2013లో మలుపు తిరిగింది. అంతవరకు చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లకు అత్యవసర అప్పులు, గ్రాంట్లు ఇస్తూ వచ్చిన సోషల్ ఫండ్‌లోని ప్రధాన భాగాలను కేంద్ర ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లో రద్దుచేసి, ఆ పనిని కౌన్సిళ్లకు అప్పగించింది. కౌన్సిల్ ట్యాక్స్‌లో పేదలకిచ్చే రాయితీని కూడా, నిధుల్లో పది శాతం కోసి మరీ, అదే నెలలో వాళ్ల నెత్తిన పెట్టింది. మరోపక్క 2010-11 నుంచి 2017-18 వరకు కేంద్రం నుంచి కౌన్సిళ్లకు వచ్చే నిధులు, ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే, దాదాపు సగానికి పడిపోయాయని జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. కొన్ని కౌన్సిళ్లు అత్యవసర సాయం పథకాలనే మూసేశాయి. ఆ ఖాళీలోకి 2021 అక్టోబరులో 50 కోట్ల పౌండ్లతో హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్ వచ్చింది. అందులో ఇంగ్లండ్ వాటా 42.1 కోట్లు. ఒక్క చలికాలానికే అనుకున్న నిధి అది. కానీ అప్పుడు ఏడాదికి 1,277 పౌండ్లున్న సగటు ఇంటి ఇంధన ధర పరిమితి, మరుసటి అక్టోబరుకు 3,549కి చేరింది. ప్రభుత్వం సగటు బిల్లును 2,500 దగ్గర ఆపాల్సివచ్చింది. దాంతో నిధిని ఆరేసి నెలలు, ఏడాదేసి పొడిగిస్తూ పోయారు. 2024 మార్చి 31తో గడువు తీరాల్సి ఉండగా, మరో ఆరు నెలలు కొనసాగిస్తామన్న కబురు మార్చి 6న బడ్జెట్ ప్రసంగంలో వెలువడింది. గడువుకు మూడున్నర వారాల ముందు ఖాయమయ్యే డబ్బుతో ఏ కౌన్సిలైనా సిబ్బందిని ఎలా పెట్టుకుంటుంది? ఇళ్లు బాగుచేసే ఒప్పందం ఎవరితో రాసుకుంటుంది? త్వరగా పంచగలిగినవి ఓచర్లు, బడి సెలవుల్లో పిల్లల భోజనం కూపన్లు. డబ్బు ఎక్కువగా అటే పోయింది.

ఓచర్ ఏం చేస్తుందో ఒక మీటరు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. తక్కువ ఆదాయ కుటుంబాల్లో చాలామందికి ముందే డబ్బు వేసుకోవాల్సిన ప్రీపెయిడ్ మీటర్లుంటాయి. పాతరకం మీటరైతే కౌన్సిల్ పంపిన ఓచర్‌ను వీధి చివరి కొట్లో చూపించి, గ్యాసు కార్డులో డబ్బు వేయించుకుని, తెచ్చి మీటరులో పెట్టాలి. పెట్టగానే మీటరు ముందు తనకు రావాల్సింది తీసేసుకుంటుంది. బ్యాలెన్స్ అయిపోయినప్పుడు వాడుకున్న అత్యవసర అప్పు, గ్యాసు అసలు వెలిగించని రోజులకు కూడా పడిన స్థిర ఛార్జీ, పాత బాకీలో ఈ వారం వాయిదా. మిగిలింది బాయిలర్‌కు. ఆ వేడి కాస్తా కిటికీ సందుల్లోంచి, పైకప్పులోంచి తెల్లారేలోపే బయటికి పోతుంది. చిల్లుకుండలో పోసిన నీళ్లయినా దాహంతో ఉన్నవాడికి ఒక గుక్క దక్కుతుంది కాబట్టి ఈ సాయాన్ని దండగ అనలేం. కానీ చిల్లుకు మాటు వేసే పని ఎవరిది? కిటికీ సందులు మూసే పట్టీలు, బాయిలర్ మరమ్మతు, పాత ఫ్రిజ్ మార్పు లాంటి చిన్న పనులకు ఈ నిధిని వాడుకోవచ్చని నిబంధనలే చెప్పాయి. కౌన్సిళ్ల చేతులు కట్టేసింది గడువు.

కర్బనం వైపు కథలో మాటలకు కొదవ లేదు. 2008 వాతావరణ మార్పు చట్టం 2050కల్లా ఉద్గారాలను 80 శాతం తగ్గించాలంది. 2019లో ఆ లక్ష్యాన్ని నికర సున్నాకు మార్చారు. 2018 నవంబరులో బ్రిస్టల్ నగర కౌన్సిల్ వాతావరణ అత్యవసర పరిస్థితిని ప్రకటించాక, మూడు వందలకు పైగా కౌన్సిళ్లు అదే బాట పట్టాయి. ఇంతా చేస్తే, ఉద్గారాలు తగ్గించి తీరాలన్న సాధారణ చట్టబద్ధ బాధ్యత కౌన్సిళ్ల మీద లేదు. 1995 నాటి గృహ ఇంధన పొదుపు చట్టం ప్రకారం నివేదికలు మాత్రం పంపాలి. 2020లో వాతావరణ మార్పు కమిటీ ఇచ్చిన అంచనా ప్రకారం, ఒక ప్రాంత ఉద్గారాల్లో కౌన్సిల్ స్వయంగా కారణమయ్యేది 2 నుంచి 5 శాతమే. ఇళ్లు, రవాణా, ప్రణాళికా అనుమతుల ద్వారా అది ప్రభావం చూపగలిగేది మాత్రం దాదాపు మూడో వంతు. కార్యాలయం కప్పు మీద సోలార్ పలకలు పరచి, చెత్తబండ్లను బ్యాటరీ బండ్లుగా మార్చినంత మాత్రాన లక్ష్యం చేరలేరన్నమాట. కౌన్సిల్ ప్రభావం ఎక్కువగా ఉండేది జనం కాపురముండే ఇళ్ల మీద. బ్రిటన్ ఇళ్లలో దాదాపు 85 శాతం గ్యాసు బాయిలర్లతోనే వెచ్చబడతాయి. ఇంగ్లండ్ ఇళ్లలో అయిదింట ఒకటి 1919కి ముందు కట్టినది. నార్విచ్ కౌన్సిల్ గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో వందకు పైగా ఇళ్లను అతి తక్కువ వేడితో గడిచేలా కట్టించింది, వాటి రూపకల్పనకు 2019లో స్టర్లింగ్ బహుమతి దక్కింది. మెచ్చుకోవాల్సిన పనే. కానీ ఇంగ్లండ్‌లో ఇప్పటికే ఉన్న దాదాపు రెండున్నర కోట్ల ఇళ్లను పడగొట్టి కట్టలేం. వాటిని బాగుచేయడమే దారి, ఆ దారిలో దేశం వెనక్కి నడిచింది. 2012లో ఏడాదికి 23 లక్షల దాకా జరిగిన, వేడి బయటికి పోకుండా ఆపే ఇన్సులేషన్ పనులు, ఆ తర్వాత విధానాలు మారడంతో పదో వంతుకు పడిపోయాయి.

ఈ రెండు కథలూ కాగితం మీద కలిసే చోటు ఒకటుంది. అది ఇంధన పేదరికానికి ఇంగ్లండ్ 2021 నుంచి వాడుతున్న కొలత. దాని ప్రకారం కుటుంబం ఆదాయం తక్కువై ఉండాలి, ఇల్లు కూడా ఇంధన పొదుపు శ్రేణిలో ‘డి’ లేదా అంతకంటే కింద ఉండాలి. రెండూ ఉంటేనే ఆ కుటుంబం లెక్కలోకి వస్తుంది. ఈ కొలత మీద 2023లో ఇంగ్లండ్ కుటుంబాల్లో 13 శాతం, అంటే దాదాపు 32 లక్షలు, ఇంధన పేదరికంలో ఉన్నాయి. ఇలాంటి ఇళ్లను వీలైనన్ని 2030 చివరికి ‘సి’ శ్రేణికి చేర్చాలన్నది చట్టం పెట్టిన లక్ష్యం. పేదరికాన్ని ఇంటితో ముడిపెట్టడం వరకు ఈ కొలత మంచిదే. కానీ ‘సి’ శ్రేణి ఇంట్లో ఉంటూ బిల్లు కట్టలేని కుటుంబం ఇందులో కనిపించనే కనిపించదు. బిల్లులు దాదాపు రెట్టింపైన ఏడాదిలో కూడా అంకె పెద్దగా కదలకపోవడానికి ఇదొక కారణం. ఇంటికి మార్కులు వేయడంతో సరిపెట్టుకుంటే ఇంట్లోని మనిషి లెక్కలోంచి జారిపోతాడు. అందుకే ఇల్లు బాగుచేస్తే నగదు సాయం అక్కర్లేదన్న వాదనకు నేను దూరం. రెండూ కావాలి, రెండూ ఒకే బల్ల దగ్గర దొరకాలి.

అలా దొరికిన అనుభవం ఉంది. హడర్స్‌ఫీల్డ్, డ్యూస్‌బరీ పట్టణాలున్న కర్క్‌లీస్ కౌన్సిల్ 2007 నుంచి 2010 వరకు ‘వార్మ్ జోన్’ పథకాన్ని నడిపింది. వార్డు తర్వాత వార్డుగా తన పరిధిలోని ప్రతి ఇంటి తలుపూ తట్టించింది. అటకలో ఇన్సులేషన్ పరుపు, గోడల మధ్య ఖాళీలో నింపుడు ఎవరికి పనికొస్తే వాళ్లకు ఉచితం. ఆదాయ ధ్రువపత్రం అడగలేదు. తలుపు తట్టినవాళ్లు గోడలు చూడడంతో ఆగలేదు. మీకు రావాల్సిన ప్రభుత్వ భత్యాలు వస్తున్నాయా అని అడిగారు, సంక్షేమ సలహాదారుకు, అగ్నిమాపక శాఖకు పేర్లు పంపారు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఇచ్చారు. మూడేళ్లలో యాభై వేలకు పైగా ఇళ్లకు ఇన్సులేషన్ జరిగింది. దీనికి పక్కన 2020 సెప్టెంబరులో కేంద్రం నేరుగా మొదలుపెట్టిన గ్రీన్ హోమ్స్ గ్రాంట్ ఓచర్లను పెట్టి చూడండి. 150 కోట్ల పౌండ్ల బడ్జెట్, ఆరు లక్షల ఇళ్ల లక్ష్యం. ఇంటి యజమాని తానే దరఖాస్తు చేసుకోవాలి, తానే కంపెనీని వెతుక్కోవాలి. ఆరు నెలలకే పథకం మూతపడింది. చివరికి బాగుపడేవి 47,500 ఇళ్లేనని ఆడిట్ కార్యాలయం అంచనా వేసింది. పెట్టిన ఖర్చులో అయిదు కోట్ల పౌండ్లకు పైగా నిర్వహణకే పోయింది. కర్క్‌లీస్‌కు మూడేళ్ల గడువు దొరికింది, తలుపు దాకా వెళ్లిన మనిషి దొరికాడు, పనికి సంక్షేమమన్న పేరు దొరికింది. ఓచర్ల పథకానికి ఈ మూడింటిలో ఒక్కటీ దొరకలేదు.

ఇక్కడే ఈ వాదనకు అతి గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. ఇన్సులేషన్ వల్ల గ్యాసు నిజంగా తగ్గుతుందా? కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వెలువరించిన అధ్యయనం ఇంగ్లండ్, వేల్స్ ఇళ్ల గ్యాసు వాడకాన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. గోడల ఖాళీ నింపిన ఇళ్లలో మొదటి ఏడాది వాడకం సగటున 7 శాతం తగ్గింది. నాలుగో ఏడాదికి ఆ తగ్గుదల కనుమరుగైంది. అటక ఇన్సులేషన్ ఫలితం ఇంకా తక్కువ. పేద ప్రాంతాల్లో మొదటి ఏడాది లాభమే 3 శాతం దరిదాపుల్లో ఉంది. ఇల్లు వేడిని నిలుపుకోవడం మొదలుపెట్టాక జనం హీటరును ఇంకాస్త పెంచుకుంటారు, గదులు పెంచుకుంటారు. కర్బనం పేరుతో ఈ పనికి డబ్బు అడిగినవాళ్లకు ఇది గట్టి దెబ్బే. కానీ పేద ఇంటి సంగతి విడిగా చూడాలి. చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. బిల్లుకు భయపడి 14, 15 డిగ్రీల్లో దుప్పట్లు కప్పుకుని గడిపిన కుటుంబం, గోడలు బాగయ్యాక అదే ఖర్చుతో 18 డిగ్రీల్లో ఉంటే, కర్బనం లెక్కలో అది సున్నా. ఆ ఇంట్లో ముసలివాళ్ల ఊపిరితిత్తుల లెక్కలో మాత్రం సున్నా కాదు. నాసిరకం ఇళ్ల వల్ల ఇంగ్లండ్ ఆరోగ్య వ్యవస్థ మీద ఏటా 140 కోట్ల పౌండ్ల భారం పడుతోందని, అందులో సగానికి పైగా చలి వల్లేనని భవన పరిశోధన సంస్థ బీఆర్ఈ 2021లో లెక్కగట్టింది. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లోని ఒక అద్దె ఫ్లాట్‌లో గోడలకు పట్టిన బూజును నెలల తరబడి పీల్చి రెండేళ్ల బాలుడు చనిపోయాడు. సామాజిక గృహాల యజమానులు చెమ్మ, బూజు ఫిర్యాదులను గడువులోగా పరిష్కరించాలన్న నియమం ఆ పిల్లవాడి పేరుతోనే 2025 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఇన్సులేషన్‌ను సంక్షేమంగా చూపించి ఉంటే, కేంబ్రిడ్జ్ అంకెలు ఆ పనిని వమ్ము చేసేవి కావు.

మరి కర్బనం సంగతి? గ్యాసు కాల్చినంత కాలం గోడలు ఎంత మందమైనా కర్బనం సున్నా కాదు కాబట్టి, రెండో మెట్టు కరెంటుతో నడిచే హీట్ పంప్. అది ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడినిస్తుంది. కానీ బ్రిటన్‌లో యూనిట్ కరెంటు ధర యూనిట్ గ్యాసుకు దాదాపు నాలుగింతలుగా ఉంటూ వచ్చింది. ఈ లెక్కలో, వేడి కారిపోయే ఇంట్లో హీట్ పంప్ పెడితే పేదింటి బిల్లు పెరిగే ప్రమాదమే ఎక్కువ. అలాంటి ఇంట్లో నీటిని ఎక్కువ వేడిచేయాల్సి వచ్చి, పంపు సామర్థ్యం మూడు నుంచి ఇంకా దిగిపోతుంది. గోడలు, అటక బాగున్న ఇంట్లో చిన్న పంపు సరిపోతుంది, తక్కువ వేడి నీటితోనే గది వెచ్చబడుతుంది. అంటే వెచ్చదనం ముందు రావాలన్నది జాలిమాట కాదు, ఇంజినీరింగ్ లెక్క కూడా అదే చెబుతోంది. కరెంటు మీద వేసిన విధాన రుసుములను తగ్గించడం మాత్రం కేంద్రం చేయాల్సిన పని. అది జరగకుండా పేద ఇళ్లలో పంపులు బిగించమని కౌన్సిళ్లను ఒత్తిడి చేస్తే, ఒక విభాగం తగ్గించిన కర్బనానికి మరో విభాగం ఓచర్లతో పరిహారం చెల్లించాల్సి వస్తుంది.

కౌన్సిళ్లకు ఇంత పెద్ద పని చేతనవుతుందా అన్నది రెండో అభ్యంతరం. అనుమానానికి కారణాలున్నాయి. పేదలకు చౌకగా ఇంధనం అమ్ముతామని నాటింగ్‌హామ్ కౌన్సిల్ 2015లో పెట్టిన రాబిన్‌హుడ్ ఎనర్జీ 2020లో మూతపడింది. నష్టం దాదాపు 3.8 కోట్ల పౌండ్లు. బ్రిస్టల్ కూడా తన ఇంధన కంపెనీని అదే ఏడాది అమ్ముకుంది. సౌర విద్యుత్ వ్యాపారాల్లో అప్పు తెచ్చి పెట్టుబడులు పెట్టిన థర్రక్ కౌన్సిల్ 2022 డిసెంబరులో చేతులెత్తేసింది. అయితే ఈ మూడు చోట్లా కౌన్సిళ్లు తమది కాని పని చేశాయి. ఇంధన బజారులో వ్యాపారిగా, మదుపరిగా దిగడం వేరు, తన వార్డులో ఏ ఇంటి గోడకు చెమ్మ పట్టిందో తెలిసి పనిచేయించడం వేరు. ఆ తెలివిడి లేనిచోట ఏమవుతుందో ఆడిట్ కార్యాలయం 2025 నివేదిక చూపించింది. ఇంధన కంపెనీల ద్వారా, సబ్ కాంట్రాక్టర్ల మీద సబ్ కాంట్రాక్టర్లతో నడిచిన ఈకో పథకంలో గోడల బయటి వైపు వేసిన ఇన్సులేషన్‌లో 98 శాతం పనుల్లో పెద్ద లోపాలు బయటపడ్డాయి. గోడల లోపలి వైపు వేసిన వాటిలో 29 శాతం. ఇలాంటి లోపాలను సరిచేయకపోతే తేమ గోడలో చిక్కుకుని బూజుగా మారే ప్రమాదం ఉంది. కౌన్సిల్ ఈ పథకంలో చాలాచోట్ల చేసిందల్లా ఫలానా కుటుంబానికి అర్హత ఉందని సంతకం పెట్టడం. పని జరిగాక గోడను చూసే అధికారం, సిబ్బంది దానికి లేవు. పేరు పంపేవాడు, పని చేసేవాడు, పని చూసేవాడు ముగ్గురూ ఒకరికొకరు తెలియని ఏర్పాటులో లోపం ఎవరి కంటా పడదు.

పాలనా వ్యవస్థలోని ఒక అడ్డంకి దీన్ని ఇంకా జటిలం చేస్తోంది. రెండంచెల స్థానిక పాలన ఉన్న ప్రాంతాల్లో హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్ వచ్చేది పై అంచెలోని కౌంటీ కౌన్సిల్‌కు, ఇళ్ల బాధ్యత ఉండేది కింది అంచెలోని జిల్లా కౌన్సిల్‌కు. ఓచర్ ఇచ్చిన కార్యాలయానికి ఆ ఇంటి కిటికీ గురించి ఏమీ తెలియదు. ఈ రెండంచెలను ఒక్కటి చేసే పునర్వ్యవస్థీకరణను ప్రభుత్వం 2024 డిసెంబరు శ్వేతపత్రంలో ప్రకటించింది. 2026 ఏప్రిల్ నుంచి సపోర్ట్ ఫండ్ స్థానంలో మూడేళ్ల పాటు క్రైసిస్ అండ్ రెసిలియన్స్ ఫండ్ రావాలని 2025లోనే నిర్ణయించింది. ఒకే అంచె, మూడేళ్ల నిధి కలిసినచోట కర్క్‌లీస్ పద్ధతికి మళ్లీ దారి దొరుకుతుంది. అద్దె ఇళ్ల విషయంలో ఇంకో అభ్యంతరం ఉంది. ప్రజాధనంతో గోడ బాగుపడితే ఇంటి యజమాని అద్దె పెంచుతాడని. నిజమే. అందుకు జవాబు బాగుచేయకుండా వదిలేయడంలో లేదు. సాయం తీసుకున్న ఇంటికి కొన్నేళ్లపాటు అద్దె కట్టుబాటు పెట్టాలి, ‘ఈ’ శ్రేణికి దిగువనున్న ఇళ్లను అద్దెకివ్వకూడదన్న నియమాన్ని కౌన్సిళ్లు గట్టిగా అమలు చేయాలి.

తెలుగువారికి ఈ చర్చతో సంబంధం రెండు విధాలుగా ఉంది. పని వీసాల మీద అక్కడికి వెళ్లిన మన కుటుంబాలు కౌన్సిల్ ట్యాక్స్ కడతాయి గాని, వీసా షరతుల వల్ల అందులో రాయితీని, చాలా రకాల ప్రభుత్వ సాయాన్ని అడగలేవు. మనిషి అర్హతను బట్టి ఇచ్చే సాయం వాళ్ల దగ్గర ఆగిపోతుంది. కర్క్‌లీస్‌లోలా ఇంటిని బట్టి చేసే పని ఆగదు, ఎవరు అద్దెకున్నా ఆ గోడ వెచ్చగానే ఉంటుంది. రెండో సంబంధం ఇక్కడిదే, చలికి బదులు ఎండతో. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు, అందులో 200 హైదరాబాదులో, అన్నది తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం లక్ష్యం. అయితే ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపై స్థలంలో కట్టేవాటికే అది తప్పనిసరి, అంతకంటే చిన్నవాటికి ఐచ్ఛికం. ఏప్రిల్, మే నెలల్లో కొలిమిలా కాగేది బస్తీలోని రేకుల కప్పు, దాన్నే ఇష్టానికి వదిలేశారు. మరోపక్క 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లలోపు వాడే అర్హులైన ఇళ్లకు సున్నా బిల్లు. అవసరమైన సాయమే. కానీ బిల్లు ప్రతినెలా మాఫీ చేయాలి, కప్పుకు తెల్లపూత కొన్నేళ్లకోసారి వేస్తే చాలు. మురికివాడల బాగు, పట్టణ పేదరిక నిర్మూలన, పర్యావరణ రక్షణ మూడూ 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాల పనులుగానే ఉన్నాయి. ఇంగ్లండ్ కౌన్సిళ్లలాగే వాటికీ పని పేరు దక్కింది, దానికి తగిన పైకం, గడువు దక్కలేదు.

ఇన్ని అనుభవాల్లోంచి తేలే పద్ధతి సాదాగానే ఉంది. నగదు సాయం అడగడానికి వచ్చిన ప్రతి కుటుంబం చిరునామా, ఆ కుటుంబం ఒప్పుకుంటే, ఇళ్లు బాగుచేసే జాబితాలోకి అక్కడికక్కడే చేరాలి. నిధి కనీసం మూడేళ్లకు ఖాయంగా తెలియాలి. పనిని కౌన్సిల్ మనిషి స్వయంగా చూసి ఒప్పుకున్నాకే కాంట్రాక్టరుకు డబ్బు చేరాలి. కౌన్సిల్ ఏటా పంపే నివేదికలో మొదటి గడి జనవరిలో ఆ ఇళ్ల లోపలి ఉష్ణోగ్రత, రెండోది మీటరు మీద మిగిలిన బాకీ, మూడోది కర్బనం కావాలి. ఈ వరస వల్ల కర్బన లక్ష్యం వెనకబడుతుందని భయపడనక్కర్లేదు. నికర సున్నాకు గడువు 2050, ఇంధన పేదరికానికి చట్టం పెట్టిన గడువు 2030. దగ్గరి గడువు కోసం బిగించే గోడ, అటక, కిటికీ అన్నీ దూరపు గడువుకు ఎలాగూ కావాల్సినవే. దగ్గరి గడువు తప్పితే, హీట్ పంపులు బిగించడానికి సిద్ధంగా ఉండే ఇల్లు పేదల వీధుల్లో ఒక్కటీ మిగలదు.